ఎకరం గడ్డికి నాలుగు ట్యాంకర్లు

“మిగతాది ఏం మార్చమన్నా మారుస్తాను మేడమ్. ఈ లాన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు.”

నానక్‌రామ్‌గూడలోని ఓ ఐదెకరాల ఆఫీసు ప్రాంగణంలో, మే నెల పొద్దున పదిన్నరకు, ఫెసిలిటీ మేనేజరు అన్న మొదటి మాట ఇది. తోట నిర్వహణ కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తోంది. కొత్తది రాసుకునే ముందు ఒకసారి అంతా చూసి చెప్పమని ఆయన ఒక ల్యాండ్‌స్కేప్ నిపుణురాలిని పిలిపించారు. ఆయనది కరీంనగర్. హోటళ్ళు, మాల్స్, ఐటీ భవనాలు చూసుకోవడంలో తలపండిన మనిషి. ఆమెది కడియం పక్కన నర్సరీ నడిపే కుటుంబం, చదివింది రాజేంద్రనగర్‌లో ఉద్యాన శాస్త్రం. ఇద్దరికీ పని తెలుసు కాబట్టే వాళ్ళ వాదన వినదగ్గదిగా సాగింది.

లాన్ సరిగ్గా ఎకరం. చుట్టూ ఫాక్స్‌టెయిల్ పామ్ చెట్లు, ప్రహరీ పొడవునా కోనోకార్పస్. రెండు టవర్లలో కలిపి మూడు వేల మంది పనిచేస్తారు. టీకి కిందికి దిగినవాళ్ళంతా టవరు నీడ పడిన పక్కన ఇరుక్కుని నిలబడ్డారు. లాన్ మీద ఒక్కరూ లేరు.

“రోజుకు ఎన్ని నీళ్ళు పెడుతున్నారండీ దీనికి?” అని ఆమె అడిగారు. మేనేజరు దగ్గర జవాబు లేదు, ఎందుకంటే తోటకు విడిగా మీటరు లేదు. ఆమె అక్కడే నిలబడి లెక్క కట్టారు. “చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్ళు పోస్తే అది లీటరు. ఈ ఎండల్లో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా కావాలి. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. అంటే రోజుకు ఇరవై వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగన్నమాట, రోజూ.”

“ట్యాంకర్లు ఎందుకు మేడమ్? అది ఎస్టీపీ నీళ్ళు, మురుగును శుద్ధి చేసినవి,” అని మేనేజరు వెంటనే అందుకున్నారు. ఆయన వాదనలో బలం ఉంది. ఆఫీసు ఉద్యోగి ఒక్కొక్కరికి రోజుకు 45 లీటర్లని నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్క. మూడు వేల మందికి 1,35,000 లీటర్లు. అందులో మనిషికి 20 లీటర్ల చొప్పున 60,000 లీటర్లు శుద్ధి చేశాక తిరిగి టాయిలెట్లలో ఫ్లషింగ్‌కే పోయినా, ఇంకా డెబ్బై అయిదు వేల దాకా మిగులుతాయి. “మురుగునీరు బయటికి వదలొద్దని షరతు. మరి ఆ నీళ్ళు నేను ఎక్కడ పోయాలి? లాన్ ఉండబట్టే గదా అవి ఖర్చవుతున్నయి!”

హైదరాబాద్‌లో ఏ ఆఫీసు భవనానికి వెళ్ళి అడిగినా లాన్ తరఫున వినబడే గట్టి వాదన ఇదే. ఆమె దాన్ని కొట్టిపారేయలేదు. రెండు ప్రశ్నలు మాత్రం అడిగారు. శని, ఆదివారాల్లో ఎస్టీపీకి ఎంత నీరు వస్తోంది? మనుషులు రారు కనక దాదాపు ఏమీ రాదు. ఆ రెండు రోజులు గడ్డికి దాహం తగ్గుతుందా? తగ్గదు. ఇంటి నుంచి పని చేసే రోజులు పెరిగిన కొద్దీ ఇదే చిక్కు పెరుగుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఆఫీసులు ఖాళీ అయ్యాయి, ఎస్టీపీల్లోకి మురుగు రాలేదు, అదీ ఎండలు ముదిరే వేళకు. ఇటు జులై నుంచి సెప్టెంబరు దాకా చూస్తే నీళ్ళు నిండుగా ఉంటాయి, వానకు తడిసిన గడ్డికి అవి అక్కర్లేదు. “నీళ్ళు మిగిలినప్పుడు లాన్ తాగదు, లాన్‌కు కావలసినప్పుడు నీళ్ళుండవు. ఆ లోటు పూడ్చడానికే మీరు ఏప్రిల్‌లో ట్యాంకర్లు తెప్పించారు. గేటు రిజిస్టర్‌లో చూసి వచ్చానండీ,” అన్నారామె. మిగులు నీటికి ఆమె చూపిన దారి ఏసీ కూలింగ్ టవర్లు. మరో దశ శుద్ధి చేస్తే ఆ నీళ్ళు వాటికి పనికొస్తాయి, ఎండాకాలంలో అవి తాగే నీళ్ళూ ఎక్కువే. ప్రస్తుతం వాటికి పోస్తున్నది కొన్న నీరు.

ఎస్టీపీ నీటితో ఇంకో ఇబ్బందిని ఆమె వంగి చూపించారు. లాబీ ముందు వరసగా నాటిన నూరువరహాల మొక్కల్లో లేత ఆకులు పాలిపోయి పసుపుపచ్చగా ఉన్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. మట్టి పైన తెల్లటి పొర. లవణాలున్న నీళ్ళు నెలల తరబడి పోస్తే నేల క్షారంగా మారుతుంది, నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. నూరువరహాలకు కాస్త ఆమ్ల గుణమున్న నేల కావాలి. కాంట్రాక్టరు ఏం చేస్తున్నాడు? ఆకు పసుపు రాగానే యూరియా చల్లుతున్నాడు. దాంతో రోగం అలాగే ఉండి, ఖర్చు మాత్రం నెలనెలా పెరుగుతోంది.

మేనేజరు లాన్‌ను వదల్లేదు. “మేడమ్, మా ప్రధాన కార్యాలయం అమెరికాలో ఉంది. అక్కడి నుంచి వచ్చే పెద్దవాళ్ళు కారు దిగగానే పచ్చగా కనబడాలంటారు. వాళ్ళ ఆఫీసుల ముందు అట్లనే ఉంటది.”

“అక్కడే మార్చేస్తున్నారు సార్,” అన్నారామె. నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. లాస్ వేగస్ ప్రాంతంలో ఆఫీసులు, మాల్స్, రోడ్ల పక్కన కేవలం చూడటానికి పెంచే గడ్డికి కొలరాడో నది నీళ్ళు పెట్టడం 2027 జనవరి 1 నుంచి నిషేధం. కాలిఫోర్నియా 2023లో, వాణిజ్య స్థలాల్లో ఇలాంటి అలంకార గడ్డికి తాగునీరు వాడకూడదని దశలవారీ చట్టం తెచ్చింది. ఆ చట్టాల్లో గమనించదగ్గ సంగతి ఒకటుంది. గడ్డిని మొత్తంగా నిషేధించలేదు. మనుషులు ఆడుకునే, కూర్చునే, గుమిగూడే గడ్డిని వదిలేసి, ఎవరూ కాలు పెట్టని గడ్డినే పట్టుకున్నారు.

ఇక్కడ మేనేజరు ముఖం వెలిగింది. “అయితే మా లాన్ పనికొచ్చేదే! ప్రతి ఏడాదీ బతుకమ్మ ఇక్కడే ఆడతారు. ఐదారు వందల మంది ఆడపిల్లలు వస్తారు. ఆగస్టు 15 జెండా కూడా ఇక్కడే.”

ఆ మాటకు ఆమె వెంటనే ఒప్పుకున్నారు. బతుకమ్మ చుట్టూ తిరగడానికి మెత్తటి నేల ఉండాల్సిందే. దానికి ఎంత జాగా కావాలో అడుగులు వేసి చూశారు. లాబీ ముందు పావు ఎకరం చాలు. మిగతా ముప్పావు ఎకరంలో ఏడాది పొడవునా నడుస్తున్నది గడ్డి కోసే మిషను ఒక్కటే.

ఆ ముప్పావు ఎకరంలో ఏం రావాలన్న దగ్గర అసలు వాదన మొదలైంది. ఆమె మాట సూటిగా ఉంది: “నీడ రావాలి.” మేనేజరు మాటా సూటిగానే ఉంది: “చెట్లు లెక్క ప్రకారం ఉన్నయి మేడమ్.”

నిజంగానే ఉన్నాయి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటే భవనానికి పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి ఒక చెట్టు నాటి పెంచాలన్నది ఆ అనుమతి పత్రాల్లో మామూలుగా కనిపించే షరతు. ఎకరానికి యాభై, ఐదెకరాలకు రెండు వందల యాభై పైచిలుకు. ఈ ప్రాంగణంలో మూడు వందలు దాటాయి. అయితే అందులో సగానికి సగం ప్రహరీకి ఆనుకుని వరసగా నాటిన కోనోకార్పస్. మిగిలినవాటిలో ఎక్కువ పామ్ చెట్లు, సన్నగా నిలువునా ఎదిగే నరమామిడి. కాగితం మీద మూడు వందల చెట్లున్న చోట, మిట్టమధ్యాహ్నం మనిషి నిలబడటానికి నీడ లేదు. షరతు చెట్లను లెక్కపెట్టింది గానీ వాటి కింద పడే నీడను ఎవరూ కొలవలేదు. ఈ నగరంలో వాణిజ్య స్థలాల పచ్చదనానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

“కోనోకార్పస్ ఎందుకు పెట్టామో మీకూ తెలుసు,” అన్నారు మేనేజరు. “పక్క సైట్‌లో మూడేళ్ళు బ్లాస్టింగ్ జరిగింది. దుమ్ము ఆపాలి. ఏడాది తిరిగేసరికి గోడలాగ లేచింది. పురుగు పట్టదు, ఆకు రాలదు, ఎంత కత్తిరించినా మళ్ళీ చిగురేస్తది. ఇంకేం కావాలె?”

ఆ గుణాల వల్లే అది దేశమంతా పాకింది. సోమాలియా, యెమెన్ తీరప్రాంతాల చెట్టు అది. ఉప్పునీళ్ళనూ ఎండనూ తట్టుకుంటుంది. నీటి కోసం దాని వేళ్ళు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయి. పుప్పొడితో ఎలర్జీలు, శ్వాస ఇబ్బందులు వస్తున్నాయన్న ఫిర్యాదులు పెరిగాక తెలంగాణలో హరితహారం మొక్కల్లోంచి దాన్ని తీసేశారు. గుజరాత్ 2023లో నాటడాన్నే నిషేధించింది. అయినా ఆమె వెంటనే కొట్టేయమనలేదు. ఒక్కసారిగా తీస్తే దుమ్ము మొత్తం లోపలికి వస్తుందన్న మేనేజరు మాట సరైనదే. పైగా చెట్టు మీద గొడ్డలి పెట్టే ముందు వాల్టా చట్టం కింద అనుమతి సంగతి తేల్చుకోవాలి. ఒకటి విడిచి ఒకటి తీసి, ఆ ఖాళీల్లో కానుగ, పొగడ నాటి, అవి తలెత్తాక మిగిలినవి తీయాలి. మూడు నాలుగేళ్ళ పని.

“అంటే మన దేశపు చెట్టయితే మంచిదే అంటారా?” మేనేజరు ప్రశ్నలో కాస్త పదునుంది. “మా చెల్లెలు విశాఖలో ఉంటది. హుద్‌హుద్ తర్వాత అక్కడ వీధి వీధికీ ఏడాకులపాల పెట్టారు. అది మన చెట్టే కదా. చలికాలం మొదలయ్యేసరికి ఆ పూల వాసనకు కిటికీలు మూసుకుంటున్నారు జనం. ఆస్తమా ఉన్నవాళ్ళ బాధ చెప్పలేం. ఇటు మన వేప చూడండి, కొమ్మల చివర్లన్నీ ఎండిపోలే?”

ఇవి రెండూ కాదనలేని సంగతులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూల్చేశాక, తొందరగా పచ్చదనం తేవాలన్న ఆత్రంలో ఏడాకులపాలను పెద్ద ఎత్తున నాటారు. ఫిర్యాదులు ఏటా వస్తున్నాయి. ఇక 2020 తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్లు చివళ్ళ నుంచి మాడిపోయాయి. అది శిలీంధ్రం తెచ్చిన ఎండుతెగులు, చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. ఆమె తల ఊపారు. “నేను చెప్పబోయేదీ అదేనండీ. చెట్టు ఏ దేశానిదైనా ఒక్క జాతినే వందల్లో నాటితే ముప్పే.” అమెరికా నేషనల్ ఆర్బొరేటమ్‌లో పనిచేసిన ఫ్రాంక్ శాంటమోర్ 1990లో ఒక కొలమానం చెప్పారు. ఒక చోట నాటే చెట్లలో ఒకే జాతివి పది శాతం, ఒకే ప్రజాతివి ఇరవై శాతం, ఒకే కుటుంబానివి ముప్పై శాతం మించకూడదు. రెండు వందల యాభై చెట్లలో ఏ జాతీ పాతిక దాటకూడదన్నమాట. కానుగ, పొగడ, రేల, నేరేడు, మద్ది, కదంబం, మారేడు, మోదుగ, జమ్మి అని లెక్కబెట్టుకుంటూ పోతే మన నేలలో పది జాతులకు కొదవ లేదు.

“రేల వద్దు,” అన్నారు మేనేజరు. “వేసవిలో ఆకంతా రాలుస్తది. హౌస్‌కీపింగ్ వాళ్ళు నన్ను తిడతారు.” ఆమె నవ్వి, రాలిన ఆకు చెత్తబండిలో వేయకుండా చెట్ల పాదుల్లోనే పరిస్తే తేమ నిలిచి, నీళ్ళ ఖర్చు తగ్గుతుందన్నారు. తోట వ్యర్థాలను విడిగా ఉంచాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలూ చెప్పాయి. నేరేడు మాత్రం కార్లు నిలిపే చోట వద్దని ఆమే అన్నారు, పండ్ల మరక వదలదు కనక. పొగడకు తొందర లేదు, నెమ్మదిగా ఎదుగుతుంది, కానీ ఏడాది పొడవునా దట్టమైన నీడ. నీళ్ళ లెక్క కూడా చెప్పారు. యాభై చెట్లకు మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, చెట్టుకు 40 లీటర్ల చొప్పున ధారాళంగా పోసినా వారానికి 4,000 లీటర్లు. పక్కనే ఎకరం గడ్డి రోజుకు 20,000 తాగుతోంది. మూడో ఏడు దాటాక ఆ చెట్లకు పెట్టాల్సిన నీళ్ళు చాలా తగ్గిపోతాయి.

అప్పటిదాకా వెనకాలే నడుస్తున్న మాలీల మేస్త్రీని ఆమె పలకరించి, లాన్ అంచున ఎండిపోయిన ఒక చెట్టును తవ్వించారు. పాలమూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆయన. గడ్డపార వేసి పది నిమిషాల్లో లాగేశారు. వేళ్ళగడ్డ గోనె గుడ్డతో కట్టినది కట్టినట్టే ఉంది. లోపల నల్లటి గోదావరి ఒండ్రు బిగిసి రాయిలా అయింది, చుట్టూ ఎర్ర మొరం. వేళ్ళు ఆ ముద్దలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. రెండేళ్ళలో ఒక్క వేరూ మొరంలోకి దాటలేదు. పోసిన నీళ్ళు మొరంలోంచి జారిపోయాయి, ముద్ద లోపలికి ఇంకలేదు.

“ఇది మా ఊరి మట్టేనండీ,” అన్నారామె. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతా మొక్కలు వెళ్తాయి. ఆ ఒండ్రులో పెరిగిన పెద్ద చెట్టును లారీలో తెచ్చి, రాతినేల మీద పెట్టి, ప్రారంభోత్సవం రోజుకు నిలబెట్టడం ఇప్పుడు ఆనవాయితీ. పదిహేను అడుగుల చెట్టు వేరు పట్టడానికి అవస్థ పడుతుంటే, పక్కనే సరిగ్గా తవ్విన గుంతలో నాటిన ఆరడుగుల మొక్క కొన్నేళ్ళలో దాన్ని దాటిపోవడం తోటపనిలో ఉన్నవాళ్ళంతా చూసేదే. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత, అందులో పైమట్టి, పశువుల ఎరువు, గోనె గుడ్డ విప్పి ముద్దను కాస్త వదులు చేయడం, ఊతకర్ర, వెడల్పాటి పాదు. ఇందులో ఖరీదైన పని ఏదీ లేదు.

“పైమట్టి ఎక్కడిది మేడమ్? పునాదులు తవ్వినప్పుడే అంతా ఎత్తి పారబోశారు,” అని మేనేజరు అన్నది అక్షరాలా నిజం. తవ్విన పైమట్టిని దాచి తోటకు వాడాలన్నది కూడా పర్యావరణ అనుమతిలో మామూలుగా ఉండే షరతే. భవనం కట్టే రోజుల్లో దాన్ని పట్టించుకునే మనిషి సైటులో ఉండడు, ఎందుకంటే తోటవాళ్ళను పిలిచేది రంగులు వేసేటప్పుడు.

రెండు టవర్ల మధ్య ముంగిలి దగ్గర ఈ ఆలస్యం ఫలితం మరీ స్పష్టంగా కనబడింది. కింద మూడు అంతస్తుల సెల్లార్ పార్కింగ్. స్లాబ్ మీద ఒకటిన్నర అడుగు మట్టి పోసి ఆకాశమల్లె చెట్లు పెట్టారు. రెండేళ్ళ కింద గాలివానకు మూడు చెట్లు వేళ్ళతో సహా పక్కకు ఒరిగాయి. గడ్డికి 30 సెంటీమీటర్ల మట్టి చాలు, పొదలకు 60 కావాలి, చిన్న చెట్టుకైనా మీటరు దాటాలి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1.8 టన్నుల దాకా తూగుతుంది. ఆ బరువు స్లాబ్ డిజైన్‌లో ముందే లేకపోతే తర్వాత ఎంత డబ్బున్నా అక్కడ చెట్టు రాదు. “కనీసం పిల్లర్లు ఎక్కడున్నాయో ఆ నెత్తినే చెట్ల తొట్లు వచ్చేలా గీసుకుంటే సరిపోయేది. ఇంజనీరుకు ఒక్క పూట పని,” అన్నారామె. మేనేజరు ఏమీ అనలేదు. భవనం ఆయన చేతికి వచ్చేసరికే స్లాబ్ పోసేసి ఉంది, నింద ఆయనది కాదు.

నిబంధనలు లేక కాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పెద్ద స్థలాల్లో కొంత భాగం ఖాళీగా, పచ్చగా ఉంచాలి. చేసి చూపించినవాళ్ళూ లేకపోలేదు. ఈ ప్రాంగణం నుంచి కారులో కాసేపట్లో చేరే దూరంలోనే సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన భవనం. పైకప్పు మీద తోట ఉంది. మురుగునీటిని మొక్కల వేళ్ళ గుండా పారించి శుద్ధి చేసి తోటకే వాడతారు. అక్కడ ఉన్న పాత చెట్లనూ బండలనూ వీలైనంత వరకు కదపకుండా భవనాన్ని వాటి మధ్య అమర్చారు. తోటను మొదటి గీతలోనే చేరిస్తే ఏం సాధ్యమో ఇరవై ఏళ్ళకు పైగా ఆ భవనం చూపిస్తోంది.

పామ్ చెట్ల దగ్గర మేనేజరు మరో ఫిర్యాదు బయటపెట్టారు. కింద నిలిపిన కార్ల మీద జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. డైరెక్టర్ కారు పాడైందని కాంట్రాక్టరుకు జరిమానా వేశారు. ఆమె కింది ఆకు వంచి అడుగు భాగం చూపించారు. తెల్లటి మైనపు సుళ్ళు. సర్పిలాకార తెల్లదోమ. 2016లో దేశంలోకి వచ్చి గోదావరి జిల్లాల కొబ్బరిని పీల్చేసింది అదే. దాని తేనెలాంటి విసర్జన మీద మసి బూజు పెరుగుతుంది. నెలనెలా పురుగుమందు కొట్టిస్తున్నామని మేనేజరు చెబితే, అందుకే తగ్గడం లేదన్నారామె. ఆ దోమను తినేసే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు ఆ మందుకే చచ్చిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి తోటల్లో చెబుతూ వచ్చింది కూడా ఇదే: విచ్చలవిడిగా మందులు కొట్టకుండా మిత్రపురుగులను, మిత్ర శిలీంధ్రాన్ని పెంచమని. గట్టిగా నీళ్ళు చిమ్మి ఆకు అడుగులు కడిగితే చాలా వరకు అదుపులో ఉంటుంది.

రోడ్డు వైపు దుకాణాల దగ్గర మాత్రం గెలుపు మేనేజరుదే. కింది అంతస్తులో కాఫీ షాపు, బ్యాంకు, మందుల దుకాణం అద్దెకున్నాయి. బోర్డు కనబడకపోతే వాళ్ళు లీజు వదిలేస్తారు. నేల మీది బోర్డులకైతే ఆమె దగ్గర ఉపాయం ఉంది. చెట్టును చిన్నప్పటి నుంచే కింది కొమ్మలు తీస్తూ మూడు మీటర్ల దాకా కాండం తేరేలా పెంచితే, చూపు చెట్టు కింద నుంచి పోతుంది. మొదటి అంతస్తు బోర్డులకు అది పనిచేయదు. అక్కడ చెట్లు పెట్టొద్దని, తంగేడు, నందివర్ధనం లాంటి పొదలతో సరిపెట్టుకోమని ఆమే ఒప్పుకున్నారు. ఫైర్ ఇంజిన్ తిరిగే దారి మీదికి కొమ్మలు రాకూడదన్న షరతు దగ్గరా ఆమె ఎదురు చెప్పలేదు.

చివరికి కాంట్రాక్టు కాగితం తీశారు. ముప్పై రెండు అంశాలు. గడ్డి ఎత్తు ఎంతుండాలి, వారానికి ఎన్నిసార్లు కోయాలి, ఎంతమంది మాలీలు రావాలి, యూనిఫామ్ రంగేమిటి అన్నీ ఉన్నాయి. ఏడాది చివర ఎన్ని చెట్లు బతికాయన్నది మాత్రం లేదు. ఆమె ఆ కాగితం పక్కన పెట్టి, అప్పటికి బతికున్న కొద్ది కానుగ చెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. నేలకు జానెడు ఎత్తున, మొదలు చుట్టూ బెరడు లేచిపోయి లోపలి చెక్క కనబడుతోంది. ఒక చెట్టుకు పాత గాయం మీద కొత్త గాయం. బెరడు పూర్తిగా చుట్టూ తెగితే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు దిగదు, చెట్టు నెమ్మదిగా చచ్చిపోతుంది.

ఇది ఎట్లా అయిందని మేనేజరు అడిగితే మేస్త్రీ దాచలేదు. “గడ్డి కోసే మిషన్ తాడు తగుల్తది సార్. మొదలు కాడ గడ్డి సాఫ్ లేకుంటె మాకు ఫైన్ ఏస్తరు. చెట్టు సచ్చిపోతె ఎవ్వరు అడగరు.”

పూటంతా ఇద్దరు చదువుకున్నవాళ్ళు వాదించిన దానికన్నా ఈ మూడు మాటల్లో ఎక్కువ ఉంది. తక్కువ ధర రాసినవాడికి కాంట్రాక్టు వెళ్తుంది, వాడు మనుషులను తగ్గిస్తాడు, ఉన్న మనిషి దేనికి జరిమానా ఉందో అదే చేస్తాడు. మేనేజరు కూడా అక్కడ మెత్తబడ్డారు. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర గడ్డి తీసేసి, ఎండుటాకులు పరిచి, మిషన్ అటు వెళ్ళకుండా చేద్దామని ఆయనే ప్రతిపాదించారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో మాలీలు పని చేయకూడదని, వాళ్ళు కూర్చోడానికి నీడ, తాగునీరు ఉండాలని కాంట్రాక్టులో రాయమని ఆమె అడిగారు. దానికీ సరేనన్నారు.

కుదిరినవీ కుదరనివీ ఉన్నాయి. లాన్ పావు ఎకరానికి తగ్గించడానికి మేనేజరు ఒప్పుకున్నారు, అయితే మూడు విడతల్లో. కోనోకార్పస్ అంచెలంచెలుగా. పామ్ చెట్లు తీయనని పట్టుబట్టారు, అవి ఉంటాయి. స్లాబ్ మీది ముంగిలికి మందు లేదు, అక్కడ పొదలు, పందిళ్ళ మీద తీగలే గతి. తోటకు వేరే నీటి మీటరు పెడదామన్నదానికి మాత్రం ఇద్దరూ వాదన లేకుండానే ఒప్పుకున్నారు.

అద్దెలు, బోర్డులు, ఫైర్ దారి, దుమ్ము విషయంలో మేనేజరు చెప్పినవి ఏ డిజైనరూ తోసెయ్యలేని నిజాలు. కానీ తోటను ప్రారంభోత్సవం రోజు ఫొటోతో కొలవాలా, ఐదో ఏడు మే నెల మధ్యాహ్నం దాని కింద ఎంతమంది నిలబడగలరన్న దానితో కొలవాలా అన్న ప్రశ్నలో ఆమెదే సరైన పక్షం. కొత్త భవనం తలపెట్టినవాళ్ళు స్లాబ్ గీయకముందే తోట తెలిసిన మనిషిని పిలవండి. ఇప్పటికే కట్టినవాళ్ళు ఈ ఏడాది కాంట్రాక్టులో రెండు వాక్యాలు చేర్చండి: తోటకు వేరే నీటి మీటరు ఉండాలి, చెట్టు చచ్చిపోతే కాంట్రాక్టరు అదే జాతి మొక్కను తన ఖర్చుతో నాటాలి. తొలకరికి నాటాలనుకుంటే గుంతలు మే నెలలోనే తవ్వించండి.